దారి చెప్పే ఆనవాళ్లు

ఉద్దేశం

వీధిచిత్రాలను చూసి దేశాన్ని గుర్తించే ఆట ఆధారంగా పరిశీలన, తర్కం, నిర్ణయం అనే మూడింటి సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం, ఒక్క గుర్తును నమ్మి తొందరపడి తీర్పు చెప్పడంలోని ప్రమాదాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

దూరాన కొండమీద పొగ లేస్తుంటే అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడానికి కొండ ఎక్కవలసిన పనిలేదు. వంటింట్లోనూ, ఇటుకబట్టీలోనూ పొగ ఉన్నచోట నిప్పు ఉండటం చూసిన మనసు కొండమీది నిప్పును ఉన్నచోటి నుంచే గ్రహిస్తుంది. భారతీయ తర్కశాస్త్రం దీనిని అనుమాన ప్రమాణం అన్నది. వాడుకలో అనుమానమంటే సందేహం. శాస్త్రంలో మాత్రం కనిపించే గుర్తును బట్టి కనిపించని విషయాన్ని నిశ్చయించడమే అనుమానం. 17వ శతాబ్దపు పండితుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ కొండ, పొగ, నిప్పుల ఉదాహరణతోనే అనుమానాన్ని బోధించాడు. ఈనాటి యువతీయువకులు కంప్యూటరు తెరమీద ఆడుతున్న ఒక ఆటకు ఇంత పాత శాస్త్రం చక్కగా సరిపోవడం విశేషం.

గూగుల్ సంస్థ 2007 మే 25న అమెరికాలోని ఐదు నగరాలలో స్ట్రీట్ వ్యూ అనే సేవను ప్రారంభించింది. పైకప్పుమీద కెమెరాలు అమర్చిన కార్లు వీధులవెంట తిరుగుతూ నలుదిక్కులా ఫొటోలు తీశాయి. క్రమంగా అనేక దేశాల రహదారులు ఈ చిత్రాలలోకి చేరాయి. 2013లో స్వీడన్‌కు చెందిన ఆంటన్ వాలెన్ ఈ చిత్రాలతో జియోగెసర్ అనే ఆటను రూపొందించాడు. తెరమీద ఏదో ఒక దేశంలోని రోడ్డు కనిపిస్తుంది. ఊరి పేరు చెప్పరు, దేశం పేరు చెప్పరు. చుట్టూ చూసి, ప్రపంచపటం మీద ఆ చోటును ఆటగాడు గుర్తించాలి. అసలు చోటుకు ఎంత దగ్గరైతే అన్ని పాయింట్లు. సాధారణంగా ఒక్కొక్క చిత్రానికి గరిష్ఠంగా 5,000 చొప్పున, ఐదు చిత్రాలకు 25,000 పాయింట్లు లభిస్తాయి. 2023లో స్టాక్‌హోం నగరంలో ఈ ఆటకు తొలి ప్రపంచ కప్ పోటీ జరిగింది.

ఆటగాడు మొదట చూసేది వాహనాలు రోడ్డుకు ఏ పక్కన నడుస్తున్నాయని. భారతదేశంలోవలె ఎడమపక్కన నడిస్తే ప్రపంచంలోని అత్యధిక దేశాలను ఒక్కసారిగా పక్కన పెట్టవచ్చు. అయితే ఎడమపక్క నడక ఉన్న దేశాలన్నీ ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్నవేనని భావించరాదు. జపాన్, థాయిలాండ్ దేశాలను బ్రిటిష్‌వారు పాలించలేదు. అయినా అక్కడ వాహనాలు ఎడమపక్కనే నడుస్తాయి. అమెరికా ఒకప్పటి బ్రిటిష్ వలసరాజ్యమైనా అక్కడ కుడిపక్కన నడుస్తాయి. పైగా ఈ నియమం శాశ్వతమూ కాదు. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున ఎడమనుంచి కుడికి మారింది. పసిఫిక్ సముద్రంలోని సమోవా ద్వీపదేశం 2009 సెప్టెంబరు 7న కుడినుంచి ఎడమకు మారింది. పొరుగున ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి తక్కువ ధరకు కార్లు తెచ్చుకోవడానికి వీలవుతుందన్నది అందుకు ఒక కారణం. రోడ్డుమీద కనిపించే చిన్న ఆచారం వెనుక చరిత్ర, వర్తకం, ప్రభుత్వ నిర్ణయం దాగి ఉంటాయని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

రహదారిమీది గీతలు, హెచ్చరిక పలకలు తరువాతి ఆధారాలు. అమెరికాలో ఎదురెదురు వాహనాలను విడదీసే నడిమిగీత పసుపురంగులో ఉంటుంది. ఐరోపాలో అధికభాగం నడిమిగీత తెలుపు. నార్వేలో మాత్రం పసుపు కనిపిస్తుంది. అత్యధిక ఐరోపా దేశాలలో ప్రమాద హెచ్చరికను ఎర్రటి అంచుగల త్రికోణం తెలిపితే, ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలోని అత్యధిక దేశాలలోనూ, ఆస్ట్రేలియాలోనూ పసుపుపచ్చని పలకను మూలమీద నిలబెడతారు. దేశదేశాల రోడ్డు గుర్తులను ఏకరూపంలోకి తేవడానికి 1968లో వియన్నాలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. అయినా అన్ని దేశాలూ అన్ని గుర్తులనూ ఒక్క తీరున వాడటం లేదు. ఆ మిగిలిన తేడాలే ఆటగానికి ఆధారాలు.

వాహనాన్ని ఆపమని చెప్పే ఎర్రని ఎనిమిది పలకల ఫలకాన్నే చూడవచ్చు. దానిమీద బ్రెజిల్, అర్జెంటీనా, చిలీలలో ‘పారె’ అనీ, మెక్సికోలో ‘ఆల్టో’ అనీ ఉంటుంది. జపాన్‌లో ఫలకం ఆకారమే వేరు. అక్కడ అది తలకిందులైన ఎర్రని త్రికోణం. ఫ్రెంచి భాషకు పుట్టినిల్లయిన ఫ్రాన్స్‌లో ఈ ఫలకం మీద ‘స్టాప్’ అనే ఉంటుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో మాత్రం ఎక్కువగా ‘అర్రె’ అనే ఫ్రెంచి మాట కనిపిస్తుంది. చుట్టూ ఇంగ్లిషు మాట్లాడే విశాలమైన ఖండంలో తమ భాషను నిలుపుకోవాలన్న పట్టుదల అక్కడివారిది. 1977లో వారు తమ భాషకోసం ప్రత్యేక చట్టాన్నే చేసుకున్నారు. భాషకు ఆపద ఉందని భావించే చోట వీధిపలక కూడా భాషాభిమానానికి వేదిక అవుతుంది.

పలకల మీది లిపి తెలిస్తే ఆటగాని పని మరింత సులువవుతుంది. రష్యా, బల్గేరియా, సెర్బియా, ఉక్రెయిన్, మంగోలియా దేశాలలో కనిపించే సిరిలిక్ లిపి కొత్తవారికి అంతా ఒకేలా తోస్తుంది. నిలువుగీత మీద రెండు చుక్కలున్న అక్షరం ఉక్రెయినీ భాషలో ఉంటుంది, రష్యన్‌లో ఉండదు. ఆ రెండు చుక్కలను గమనించినవాడు వందల కిలోమీటర్ల పొరపాటును తప్పించుకుంటాడు. ఇటువంటి చిక్కే తెలుగు, కన్నడ లిపుల విషయంలో పరదేశి ఆటగానికి ఎదురవుతుంది. రెండూ ఒకే ప్రాచీన లిపినుంచి విడివడిన సోదర లిపులు. తెలుగు తలకట్టు కొస పైకి లేచి టిక్కు గుర్తును తలపిస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి కొసన వంపు తిరుగుతుంది. అక్షరాభ్యాసం నాటినుంచి మన చేతికి అలవాటైన తలకట్టు, ఎక్కడో స్వీడన్‌లో కూర్చున్న బాలునికి హైదరాబాదునూ బెంగళూరునూ వేరుచేసి చూపే ఆనవాలవుతుంది.

పలకలూ అక్షరాలూ లేని ఎడారిదారిలో ఆకాశమే ఆధారం. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణదిశలో ఉంటాడు. మకరరేఖకు దక్షిణాన ఉన్న దేశాలలో ఉత్తరదిశలో ఉంటాడు. తెరమీద దిక్సూచి ఉంటే, నీడలను చూసి భూగోళంలోని ఏ సగమో చెప్పవచ్చు. కాని ఈ రెండు రేఖల నడుమనున్న దేశాలలో ఈ సూత్రం ఏడాది పొడవునా చెల్లదు. హైదరాబాదు ఉత్తరార్ధగోళంలో ఉన్నా, మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటి రోజులదాకా అక్కడి మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరానే ఉంటాడు. సూత్రం తెలిసి దాని హద్దు తెలియనివాడు ఆ నీడను చూసి హైదరాబాదును భూమధ్యరేఖకు దక్షిణాన వెతుకుతాడు.

ఇటువంటి పొరపాటుకు తర్కశాస్త్రం హేత్వాభాసం అని పేరుపెట్టింది. అంటే కారణంలా కనిపించి కారణం కానిది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే ఉంటుంది, పొగ ఉండదు. ఆటలో జామాయిల్ చెట్టు ఇటువంటి ఇనుపగుండే. దాని జన్మభూమి ఆస్ట్రేలియా. అయితే కలపకోసం, కాగితపు గుజ్జుకోసం దానిని బ్రెజిల్, పోర్చుగల్, ఇథియోపియా దేశాలకు తీసుకుపోయి నాటారు. ఖమ్మం, ప్రకాశం జిల్లాలలోనూ జామాయిల్ తోటలున్నాయి. ఆస్ట్రేలియాలో జామాయిల్ ఉన్నది నిజమే. జామాయిల్ ఉన్నచోటల్లా ఆస్ట్రేలియా కాదు.

అన్నింటికన్నా హానికరమైన హేత్వాభాసం మనసులో ముందే స్థిరపడిన అభిప్రాయం. దుమ్ము లేచే మట్టిరోడ్డు కనబడగానే అది ఆఫ్రికా అనీ, నున్నని తారురోడ్డు కనబడగానే ఐరోపా అనీ చెప్పేవారు ఆటలోనూ ఉన్నారు, లోకంలోనూ ఉన్నారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మొత్తం రోడ్లలో దాదాపు మూడోవంతు నేటికీ తారు, సిమెంటు వేయనివే. ఆటలో ఇటువంటి తొందరపాటుకు కొన్ని పాయింట్లు పోతాయి. జీవితంలో ఒక మనిషి దుస్తులనో, మాటతీరునో చూసి అతని యోగ్యతను నిర్ణయిస్తే పోయేది ఆ మనిషి గౌరవం.

గెలుపుకు మరొక అడ్డదారి కూడా ఉంది. కెన్యాలో చిత్రాలు తీసిన కారుకు గాలిగొట్టం ఒకటి పైకి అమర్చి ఉండేది. చాలా చిత్రాలలో ఆ గొట్టం కనిపిస్తుంది. గొట్టాన్ని చూసినవెంటనే అనుభవజ్ఞులు కెన్యా అని చెప్పివేస్తారు. సమాధానం సరైనదే. కాని దానివల్ల కెన్యా మట్టి, చెట్టు, భాష, బతుకు వారికి తెలిసినట్లు కాదు. కెమెరా కారు గురించి మాత్రమే తెలిసింది. పరీక్షలో ప్రశ్న తీరునుబట్టి జవాబు ఊహించే విద్యార్థికీ, పాఠం చదివి రాసే విద్యార్థికీ ఉన్న తేడా ఇదే.

ఈ నేర్పు వినోదానికే పరిమితం కాలేదు. 2014 జులై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళుతున్న మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం తూర్పు ఉక్రెయిన్‌లో క్షిపణి దెబ్బకు కూలిపోయింది. అందులోని 298 మందీ మరణించారు. క్షిపణి వాహనం ఏ దారిన వచ్చి ఏ దారిన పోయిందో తేల్చడానికి, ఆ వాహనాన్ని చూసినవారు తీసిన ఫొటోలు, వీడియోలు ఎంతో తోడ్పడ్డాయి. వాటిలోని భవనాలు, ప్రకటన పలకలు, చెట్లవరుసలు, రోడ్డు మలుపులను బెల్లింగ్‌కాట్ అనే పరిశోధక బృందం, అధికారిక దర్యాప్తు బృందం ఓపికగా పోల్చి చూశాయి. 2022 నవంబరు 17న నెదర్లాండ్స్ న్యాయస్థానం ఈ కేసులో ముగ్గురిని దోషులుగా నిర్ణయించింది. ఆటగానికి పాయింటు తెచ్చిపెట్టే వీధిపలకవంటిదే అక్కడ మృతుల కుటుంబాలకు సాక్ష్యమయింది.

ఇదే నేర్పు దుర్వినియోగం కూడా కావచ్చు. ఇంటిముందు తీసుకున్న ఒక ఫొటోలో వెనుకనున్న దుకాణం బోర్డు, నీటిట్యాంకు, గుడిగోపురం కలిసి ఆ ఇంటి చిరునామాను అపరిచితులకు చెప్పగలవు. తన ఫొటోను లోకానికి చూపేముందు దాని నేపథ్యంలో ఏమేమి ఉన్నాయో చూసుకోవడం వివేకం. ఇతరుల ఫొటోనుంచి వారి చోటును తవ్వి బయటపెట్టకుండా ఉండటం సంస్కారం.

భారతదేశంలో స్ట్రీట్ వ్యూ ప్రయత్నం 2011లో బెంగళూరులో మొదలై ఆగిపోయింది. 2022 జులైలో హైదరాబాదు సహా పది నగరాలతో తిరిగి ప్రారంభమయింది. కాని తన ఊరి దారిని చదవడానికి ఎవరూ కెమెరా కారుకోసం వేచి ఉండనవసరం లేదు. కళాశాలకు పోయే దారిలోని కిలోమీటరు రాయి తల పసుపురంగులో ఉంటే అది జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. ఆ రాయి పక్కనుంచి రోజూ బస్సులో పోతూ దాని రంగు చెప్పలేనివారు ఎందరో. దూరదేశపు దారిని తెరమీద గుర్తుపట్టిన కన్ను, రేపు బస్సు కిటికీలోనుంచి ఆ రాయిని కూడా చూడగలిగితే ఆట చదువుగా మారినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

ఆనవాలు = గుర్తు, జాడ
ప్రమాణం = యథార్థ జ్ఞానానికి సాధనం
ఒడంబడిక = ఒప్పందం
ఫలకం = పలక
పరదేశి = ఇతర దేశంవాడు
దిక్సూచి = దిక్కులను చూపే పరికరం
హేత్వాభాసం = హేతువులా తోచే దోషం
నేపథ్యం = వెనుకటి దృశ్యం

వ్యాకరణాంశాలు

హేత్వాభాసం = హేతు + ఆభాసం – యణాదేశ సంధి
ఉత్తరార్ధం = ఉత్తర + అర్ధం – సవర్ణదీర్ఘ సంధి
భాషాభిమానం = భాష యందు అభిమానం – సప్తమీ తత్పురుష సమాసం
పది నగరాలు = పది సంఖ్య గల నగరాలు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రహదారి పక్కన కనిపించే గుర్తులు ఒక దేశపు చరిత్రను, భాషాభిమానాన్ని ఎలా తెలుపుతాయో సోదాహరణంగా వివరించండి.
2. ‘ఆటలో తొందరపాటుకు పోయేది పాయింట్లు, జీవితంలో పోయేది మనిషి గౌరవం’ అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. జామాయిల్ చెట్టును కాలిన ఇనుపగుండుతో ఎందుకు పోల్చారు?
2. తెలుగు, కన్నడ తలకట్లలోని భేదాన్ని తెలపండి.
3. వీధిచిత్రాలలోని ఆధారాలు న్యాయస్థానానికి ఎలా ఉపకరించాయి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. స్వీడన్‌లో వాహనాలు కుడిపక్క నడవడం ఎప్పుడు మొదలయింది?
2. జాతీయ రహదారి కిలోమీటరు రాయి తల ఏ రంగులో ఉంటుంది?

ఈ) విద్యార్థి కృత్యం
మీ ఇంటినుంచి కళాశాల వరకు గల దారిలో, ఊరి పేరు చెప్పకుండానే ఆ ఊరిని గుర్తించడానికి వీలైన ఐదు ఆనవాళ్లను రాయండి. వాటిలో ఏవి ఇతర ఊళ్లలోనూ కనిపిస్తాయో తరగతిలో చర్చించండి.