జీతం దగ్గర మొదలయ్యే పెట్టుబడి లెక్క

షేర్లలో ఎంత, డిపాజిట్లలో ఎంత అని తేల్చడానికి చాలామంది ముందు బ్యాంకు ఖాతా చూస్తారు. చూడాల్సింది జీతం. రాబోయే ఏళ్ల సంపాదనే పడుచు ఉద్యోగికి అతిపెద్ద ఆస్తి. దాన్ని అమ్ముకోలేం, అది తగ్గకుండా పూర్తి బీమా ఎవరూ ఇవ్వరు. అర్థశాస్త్రం అసంపూర్ణ మార్కెట్ అనేది దీన్నే.

ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి.

తర్వాత షేర్ల మూల నిష్పత్తి. దీనికి రాబర్ట్ మెర్టన్ 1969లో దారి చూపాడు. డిపాజిట్ కంటే షేర్లు అదనంగా ఇచ్చే రాబడి 6 శాతం, వాటి ప్రామాణిక విచలనం 20 శాతం, నష్టానికి మీరు జంకే కొలత 3 అనుకుందాం. 0.2 వర్గం 0.04, మూడుతో గుణిస్తే 0.12. దానితో 0.06ను భాగిస్తే సగం. ఈ సగం చేతిలో డబ్బుకు కాదు, జీతం కలిపిన మొత్తానికి.

అసలు పని ఇక్కడుంది. ముప్ఫై ఏళ్ల ప్రభుత్వ టీచరుకు ఆ ఆరు నెలల ఖర్చు పోను చేతిలో 10 లక్షలు, రాబోయే జీతాల నేటి విలువ 90 లక్షలు అనుకోండి. కోటిలో సగం, అంటే 50 లక్షలు షేర్లలో ఉండాలి. ఉన్నది పదే, రేపటి జీతం మీద అంత అప్పు పుట్టదు. కాబట్టి పదీ షేర్లలోకే. అవే అంకెలున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతంలో సగం మార్కెట్‌తో పాటే ఊగుతుందనుకుంటే, 45 లక్షలు ఇప్పటికే షేర్లలో ఉన్నట్టు. కొనాల్సింది 5 లక్షలే. సొంత కంపెనీ షేర్లయితే అసలే వద్దంటాను.

అనారోగ్యం వంటి, ఏ షేరుతోనూ సరిదిద్దలేని ముప్పు మిగులుతుంది. దానికి తగ్గట్టు జీతం విలువను తగ్గించి రాసుకోవాలి. నిక్కచ్చి సమాధానం కావాలంటే చివరి ఏడాది నుంచి వెనక్కి, ఉద్యోగం ఉన్నట్టూ పోయినట్టూ, ఏడాదికేడాది కంప్యూటరుతో లెక్కించాలి. ఒక్క వరుస సూత్రం దొరకదు.

ఏటా మళ్లీ చూడండి. యాభై ఏళ్లకు 60 లక్షలు చేతిలో, 40 లక్షలు జీతంగా మిగిలితే టీచరు చేతి డబ్బులో షేర్ల వాటా 83 శాతానికి దిగుతుంది; సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది సగం దగ్గరే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ షేర్లు తగ్గించమనే సలహా అందరికీ ఒకేలా వర్తించదు. సర్దుబాటు కొత్త పొదుపుతోనే చేయండి: ఏడాది దాటిన షేర్లు అమ్మితే 1.25 లక్షలకు మించిన లాభంపై 12.5 శాతం పన్ను పడుతుంది.