మేనర్ లార్డ్స్‌లో ఏల్ ఎందుకు అయిపోతుంది? బార్లీ చేను నుంచి టావెర్న్ దాకా గైడ్

మేనర్ లార్డ్స్‌లో నా మొదటి ఊరిని బందిపోట్లు దోచుకోలేదు, పక్క దొర సైన్యం వచ్చి తగలబెట్టనూ లేదు. దాన్ని ముంచింది ఏల్. టావెర్న్ ఖాళీగా ఉందని కంగారుపడి ఉన్న గోధుమ చేలన్నీ బార్లీకి మార్చేశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మూడో ఏడాది చలికాలానికి రొట్టె కూడా లేదు. కుటుంబాలు ఒక్కొక్కటిగా ఊరు వదిలిపోయాయి. దాదాపు 20 గంటలు ఆడిన సేవ్ ఫైల్ అలా గోవిందా.

రెండో ఊర్లో ఇంకో తప్పు చేశాను, దాని గురించి కింద చెబుతాను. మూడో ఊర్లో ఏల్ ఆగకుండా వస్తోంది. ఆ మూడు ఊళ్లలో నేర్చుకున్నదే ఈ గైడ్.

ఇంకా ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేనర్ లార్డ్స్ పీసీ గేమ్. పోలండ్‌కి చెందిన గ్రెగ్ స్టిచెన్ స్లావిక్ మ్యాజిక్ అనే పేరుతో దీన్ని తయారుచేస్తున్నాడు, పబ్లిషర్ హుడెడ్ హార్స్. 2024 ఏప్రిల్ 26న ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. కథా స్థలం 14వ శతాబ్దం చివరి నాటి జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతాన్ని పోలి ఉంటుంది. ఐదు కుటుంబాలు, ఒక ఎద్దుతో మొదలుపెట్టి ఊరు కట్టుకోవాలి. ఎర్లీ యాక్సెస్ కాబట్టి ప్యాచ్ వచ్చినప్పుడల్లా లెక్కలు మారుతుంటాయి. అందుకే నేను "ఇన్ని బస్తాలకు ఇన్ని పీపాలు" అని చెప్పడం లేదు. గొలుసు ఎలా పనిచేస్తుందో అర్థమైతే అంకెలు మారినా ఇబ్బంది ఉండదు.

ఏల్ ఎందుకంత ముఖ్యం?

మొదట్లో అస్సలు అవసరం లేదు. ఇళ్లు లెవెల్ 1 నుంచి లెవెల్ 2కి వెళ్లడానికి బావి, చర్చి, వంటచెరకు, తిండి, బట్టలు చాలు. లెవెల్ 3కి ఎక్కించాలంటే మాత్రం మిగతావాటితో పాటు టావెర్న్‌లో ఏల్ ఉండాలి. లెవెల్ పెరిగిన ఇళ్ల నుంచి వచ్చే రీజినల్ వెల్త్ పెరుగుతుంది. ఊరు మొత్తం దాని మీదే నడుస్తుంది, ఎద్దు కొనాలన్నా, ట్రేడ్ రూట్ తెరవాలన్నా అదే డబ్బు. అంటే ఏల్ లేకపోతే మన ఊరు మధ్యతరగతి దగ్గరే ఆగిపోతుంది. చాలామంది గేమ్ వదిలేసేది సరిగ్గా ఇక్కడే.

గొలుసు చూడటానికి సింపుల్‌గా ఉంటుంది. పొలంలో బార్లీ పండుతుంది. మాల్ట్‌హౌస్‌లో అది మాల్ట్ అవుతుంది. ఓ ఇంటి పెరట్లో పెట్టిన బ్రూవరీలో మాల్ట్ కాస్తా ఏల్ అవుతుంది. టావెర్న్ దాన్ని జనానికి పంచుతుంది.

మాల్ట్ అంటే ఏమిటని నా తమ్ముడు అడిగాడు. మన ఇంట్లో రాగి మాల్ట్ ఎలా చేస్తారో గుర్తుచేసుకోండి. రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక రాగానే ఆరబెట్టి, పిండి పట్టిస్తారు. బార్లీకీ అదే పద్ధతి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలవు. మొలక మరీ పెరగకుండా సరైన సమయంలో వేడి తగిలించి ఆరబెట్టి ఆపేస్తారు. ఆ తర్వాత వేడినీళ్లలో కలిపితే చక్కెర బయటికొస్తుంది, ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. గేమ్‌లో ఇదంతా ఒక బిల్డింగ్, ఒక ప్రోగ్రెస్ బార్. కానీ మాల్ట్‌హౌస్ ఎందుకు విడిగా కట్టాలో తెలిస్తే "ఈ అదనపు మెట్టు ఎందుకురా బాబూ" అన్న చిరాకు తగ్గుతుంది.

అసలు గొడవంతా పొలంలోనే

ఏల్ రాకపోతే అందరూ మొదట చేసే పని రెండో బ్రూవరీ పెట్టడం. నేనూ పెట్టాను. దండగ. నా మూడు ఊళ్లలోనూ బ్రూవరీ ఎప్పుడూ ఖాళీగానే కూర్చుంది, లేనిది బార్లీ.

పొలం గీసే ముందు ఫెర్టిలిటీ మ్యాప్ ఆన్ చేయండి. గోధుమ, బార్లీ, అవిసె, ఒక్కో పంటకు ఒక్కో మ్యాప్ ఉంటుంది. పచ్చగా ఉంటే మంచి నేల, ఎరుపు వైపు వెళ్తుంటే వదిలేయండి. గోధుమకు మంచి నేల బార్లీకీ మంచిదే అనుకోవద్దు, మ్యాప్ మార్చి చూడండి. నా మొదటి ఊర్లో నేను ఈ మ్యాపే చూడలేదు. చర్చి పక్కన ఖాళీ కనిపించింది, గీసేశాను.

తర్వాత సైజు. పెద్ద చేను గీస్తే పెద్ద పంట వస్తుందనిపిస్తుంది. రాదు. ఈ గేమ్‌లో వ్యవసాయానికి అసలు శత్రువు టైమ్. కోత సెప్టెంబర్‌లో మొదలవుతుంది. అది కాగానే దుక్కి దున్నాలి, ఆ తర్వాత విత్తాలి, ఇవన్నీ చలికాలం పడేలోపు అయిపోవాలి. మన రైతులు అదను అంటారు చూడండి, ఈ గేమ్‌లో అదే సర్వం. అదను తప్పితే చేలో నిలబడి ఉన్న పంట కూడా పోతుంది. నాకు ఒక మోర్గెన్, అంతకంటే కాస్త చిన్న చేలు బాగా కుదిరాయి. మోర్గెన్ అంటే అప్పటి జర్మన్ భూమి కొలత, ఒక ఉదయం పూటలో దున్నగలిగేంత నేల అని ఆ పేరు. ఒకే రెండు మోర్గెన్‌ల చేను సగం దున్ని ఆగిపోయే కంటే, రెండు చిన్న చేలలో ఒకటి పూర్తిగా విత్తడం నయం.

ఆకారం కూడా చూసుకోండి. సన్నగా పొడవుగా గీయండి. హెవీ ప్లౌ అనే డెవలప్‌మెంట్ పాయింట్ తీసుకుంటే ఎద్దుతో దున్నించవచ్చు. ఎద్దుకి మలుపు తిరగడమే ఆలస్యం. చేను పొడవుగా ఉంటే మలుపులు తగ్గుతాయి. అసలు మధ్యయుగ యూరప్‌లో పొలాలు పట్టీల్లా ఉండటానికి బరువైన నాగలి తిప్పడం కష్టం కావడం ఒక కారణమని చెబుతారు, గేమ్ ఈ విషయాన్ని భలే పట్టుకుంది.

ఇక కూలీలు. ఫామ్‌హౌస్‌లో ఎనిమిది కుటుంబాల దాకా పెట్టొచ్చు. ఏడాదంతా ఎనిమిది పెడితే మిగతా పనులు ఆగిపోతాయి, రెండే పెడితే కోత అవదు. నేను చేసేది ఇది: ఆగస్ట్ చివర్లో గేమ్ పాజ్ చేస్తాను. చెట్లు కొట్టేవాళ్లు, రంపం పనివాళ్లు, బంకమన్ను తవ్వేవాళ్లు, అందర్నీ ఆ పనుల నుంచి తీసి ఫామ్‌హౌస్‌లో వేస్తాను. నవంబర్ దాటగానే వెనక్కి పంపేస్తాను. ఒకటి రెండు కుటుంబాలు మాత్రం గోధుమ నూర్పిడి కోసం ఫామ్‌హౌస్‌లో ఉంటాయి. ఈ ఒక్క అలవాటుతో నా పంట ఎంత పెరిగిందంటే, అంతకుముందు రెండు ఊళ్లలో నేను పండించింది గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పంట మార్పిడి మర్చిపోవద్దు. ఒకే చేలో ఏటా బార్లీ వేస్తే సారం పడిపోతుంది, బీడుగా వదిలితే తిరిగి వస్తుంది. ప్రతి చేనుకి మూడేళ్ల వరస పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. నేను మూడు చేలు గీసి, మొదటి దానికి గోధుమ, బార్లీ, బీడు అని, రెండో దానికి బార్లీ, బీడు, గోధుమ అని, మూడో దానికి బీడు, గోధుమ, బార్లీ అని పెట్టాను. ఏ ఏడాది చూసినా ఒక చేలో బార్లీ ఉంటుంది, ఒక చేలో రొట్టెకు గోధుమ ఉంటుంది. నా మొదటి ఊరు ఆకలితో పోవడానికి కారణం ఈ రెండోది లేకపోవడమే.

ఇక్కడ గేమ్ చిన్న స్వేచ్ఛ తీసుకుంది. నిజమైన మూడు చేల పద్ధతిలో గోధుమ, రై లాంటివి శరదృతువులో విత్తి, బార్లీ, ఓట్స్ ఎక్కువగా వసంతంలో విత్తేవారు. అలా ఏడాదిలో పని రెండు చోట్లకు పంచుకుపోయేది. గేమ్‌లో అన్నీ శరత్కాలంలోనే మన నెత్తిన పడతాయి. అందుకే ఈ మూడు నెలలు అంత ఉక్కిరిబిక్కిరి.

మాల్ట్‌హౌస్, బ్రూవరీ

మాల్ట్‌హౌస్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొలాలకు, గోదాములకు దగ్గరగా కట్టండి, ఒక కుటుంబాన్ని పెట్టండి. బార్లీ అయిపోయిందంటే ఆ కుటుంబాన్ని తీసి వేరే పనిలో వేసేయండి, ఖాళీగా కూర్చోబెట్టకండి.

బ్రూవరీతో అలా కుదరదు. అది విడి బిల్డింగ్ కాదు, లెవెల్ 2 ఇంటి పెరట్లో పెట్టే ఎక్స్‌టెన్షన్. పెట్టిన క్షణం నుంచి ఆ ఇంట్లో ఉండేవాళ్లు కళాకారుల లెక్కలోకి వెళ్లిపోతారు. ఇక వాళ్లను పొలానికి పంపలేం, చెట్లు కొట్టించలేం. మాల్ట్ ఉన్నా లేకపోయినా వాళ్ల పని అదే. అందుకే రెండు కుటుంబాలు ఉండే ఇంటికి బ్రూవరీ తగిలిస్తే సెప్టెంబర్‌లో ఇద్దరు కూలీలను పోగొట్టుకున్నట్టే. మొదట ఒక కుటుంబం ఉన్న ఇల్లు ఎంచుకోండి. ఒక్క బ్రూవరీ చాలు. దాని ముందు మాల్ట్ గుట్ట పడితే అప్పుడు రెండోదాని గురించి ఆలోచించొచ్చు.

ఇంటి పెరట్లో ఏల్ కాయడం గేమ్ కోసం కల్పించింది కాదు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో ఏల్ చాలావరకు ఇళ్లలోనే, ఎక్కువగా ఆడవాళ్లే కాచేవారు. హాప్స్ వేయని ఏల్ ఎక్కువ రోజులు నిలవ ఉండదు, కాబట్టి ఇంట్లో వాడగా మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేసేవారు. 13వ శతాబ్దంలోనే రొట్టె, ఏల్ ధరలను నియంత్రించే చట్టం అక్కడ ఉంది. మన గేమ్‌లో ఆ తనిఖీ బాధ లేదు, సంతోషించండి.

ఏల్ కొనుక్కుంటే పోలా?

నా రెండో ఊరి తప్పు ఇదే. అక్కడ బార్లీ మ్యాప్ అంతా ఎర్రగా ఉంది. సరే కొనేద్దాం అని ట్రేడింగ్ పోస్ట్ కట్టి మాల్ట్ దిగుమతి పెట్టాను, డిజైర్డ్ సర్‌ప్లస్ దగ్గర పెద్ద అంకె కొట్టి నిద్రపోయాను. నిద్ర అంటే నిజంగా కాదు, గేమ్ స్పీడ్ పెంచి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. తిరిగి చూసేసరికి రీజినల్ వెల్త్ సున్నా. మాల్ట్ గుట్టలుగా ఉంది, కానీ ఇల్లు అప్‌గ్రేడ్ చేయడానికి పైసా లేదు.

దిగుమతి తప్పు కాదు, నేల బాగోలేని చోట అదే దారి. కాకపోతే బయటి నుంచి కొనే ప్రతి వస్తువు మీద అదనపు సుంకం పడుతుంది. బెటర్ డీల్స్ డెవలప్‌మెంట్ పాయింట్ తీసుకుంటే అది పోతుంది. అది లేకుండా దీర్ఘకాలం కొంటూ పోవడం కష్టం. బార్లీ, మాల్ట్, ఏల్, మూడింటి ధరలూ స్క్రీన్ మీద పోల్చి చూడండి. సుంకం ఒక్కో వస్తువుకు పడుతుంది కాబట్టి, చవకగా కనిపించే బార్లీ కొని మనమే కాచుకోవడం ప్రతిసారీ లాభం కాదు. సర్‌ప్లస్ అంకె చిన్నగా పెట్టండి. ఇంకా ముఖ్యంగా, ముందు అమ్మడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. నేను ఏమీ అమ్మకుండా కొనడం మొదలుపెట్టాను.

రెండో ప్రాంతం మీ చేతిలో ఉంటే ప్యాక్ స్టేషన్‌తో అక్కడి బార్లీని ఇక్కడికి మార్పిడి చేసుకోవచ్చు. డబ్బు కదలదు, వస్తువుకు వస్తువే. కాస్త నెమ్మది, అంతే.

టావెర్న్ దగ్గర నేను వాడే ట్రిక్

టావెర్న్ కట్టి వదిలేస్తే పని జరగదు, దానికో కుటుంబాన్ని కేటాయించాలి. కానీ వెంటనే కేటాయించకండి. కొద్దికొద్దిగా వచ్చే ఏల్‌ని జనం వచ్చింది వచ్చినట్టు తాగేస్తారు. మీరు అప్‌గ్రేడ్ బటన్ నొక్కేసరికి మళ్లీ సున్నా. నేను కోత తర్వాత మాల్ట్ అంతా కాచేదాకా టావెర్న్‌ని ఖాళీగా ఉంచాను. స్టాక్ పోగయ్యాక, మిగతా అవసరాలన్నీ తీరిన ఇళ్లు ఏవో చూసుకుని, అప్పుడు కుటుంబాన్ని పెట్టాను. టావెర్న్ నిండగానే వరసగా అప్‌గ్రేడ్‌లు ఇచ్చాను. మొదటి విడతలో ఐదు ఇళ్లు లెవెల్ 3కి వెళ్లాయి.

ఒక జాగ్రత్త. ఎక్కించాక కూడా వాళ్లకు ఏల్ కావాలి, లేకపోతే అప్రూవల్ పడిపోతుంది. అది 50 శాతం పైన ఉంటేనే కొత్త కుటుంబాలు వస్తాయి. బటన్ వెలిగింది కదా అని 15 ఇళ్లు ఒకేసారి ఎక్కించేయకండి, మీ ఒక్క బార్లీ చేను అంతమందికి చాలదు.

ఏల్ మళ్లీ ఆగితే వెనక నుంచి ముందుకు వెతకండి. టావెర్న్‌లో మనిషి ఉన్నాడా? ఉంటే బ్రూవరీలో మాల్ట్ ఉందా? లేకపోతే మాల్ట్‌హౌస్‌లో బార్లీ ఉందా? అదీ లేకపోతే ఇక మీరు చేయగలిగింది సెప్టెంబర్ కోసం ఎదురుచూడటమే, లేదా కొనడం. నేను పదిసార్లు వెతికితే ఎనిమిదిసార్లు సమాధానం పొలం దగ్గరే దొరికింది.

ప్రస్తుతం నా మూడో ఊర్లో ఆరో ఏడాది ఆగస్ట్ నడుస్తోంది. తొమ్మిది ఇళ్లు లెవెల్ 3లో ఉన్నాయి, టావెర్న్‌లో ఏల్ ఇంకో నెల వస్తుందేమో. నాలుగో చేను గీశాను, కానీ ఎద్దు ఒక్కటే ఉంది, దాన్ని దుంగలు లాగడానికి వాడుతున్నాను. కోత మొదలయ్యేలోపు రెండో ఎద్దు కొనాలి.