ఉమ్మినీరును మధుమేహమును

పులికాట్ సరస్సు నొడ్డున నిలిచి దోసిటితో నీరు ముంచి రుచి చూచినచో, ఆ నీరెంత యుప్పగా నున్నదో తెలియును. కాని దానిని బట్టి సముద్రమునందలి యుప్పును లెక్కగట్టగలమా? వర్షకాలమున కాళంగి, ఆరణి నదుల నీరు వచ్చి చేరగా సరస్సు చప్పబడును. ఎండకాలమున నీరిగిరి మిక్కిలి యుప్పనగును. ముఖద్వారము ఇసుకచే పూడినపుడు మరియొక తీరుగా నుండును. విద్యార్థులారా! ఉమ్మినీటిని పరీక్షించి రక్తమునందలి చక్కెరను తెలిసికొనవచ్చునా యను ప్రశ్నయు నిట్టిదే.

మనము తిను అన్నము జీర్ణమై గ్లూకోసు అను చక్కెరగా మారి రక్తమున చేరును. క్లోమగ్రంథినుండి పుట్టు ఇన్సులిన్ దానిని శరీరకణములలోనికి పంపును. ఇన్సులిన్ చాలకున్నను, సరిగా పనిచేయకున్నను చక్కెర రక్తముననే నిలిచిపోవును. ఇదియే మధుమేహము. పరగడుపున డెసిలీటరు రక్తమున 100 మిల్లీగ్రాములకు లోబడి యుండుట ఆరోగ్యలక్షణము. 126 గాని అంతకు మించిగాని యున్నచో, మరల పరీక్షించి, వ్యాధి యని వైద్యులు నిశ్చయింతురు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధనామండలివారి పరిశీలన ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్లమంది మధుమేహులు కలరు.

ఈ రోగి మూత్రమునకు చీమలు పట్టునని మన ప్రాచీనవైద్యులెరుగుదురు. 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్లవైద్యుడు మూత్రము నిగిర్చి అందు చక్కెర కలదని చూపెను. పిమ్మట బెనెడిక్టు ద్రావకము వచ్చినది. నీలముగా నుండు నా ద్రావకములో మూత్రము పోసి కాచినచో, చక్కెర కొలదిని పచ్చన, పసుపు, ఇటుకరంగుగా మారును. రంగును బట్టి శరీరద్రవములందలి పదార్థములను కొలుచు విద్యకు తెలుగువారును దోహదము చేసిరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కే గారితో గూడి 1925లో ప్రకటించిన భాస్వరపరీక్ష యట్టిదే.

మూత్రపరీక్ష సులభమే, కాని రక్తమున చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటినగాని మూత్రపిండములు దానిని సాధారణముగా బయటికి విడువవు. కావున ఆ పరీక్ష ఆలస్యముగా చెప్పును. చక్కెర మిక్కిలి తగ్గిన యపాయమును చెప్పనే చెప్పదు. అందుచేతనే వ్రేలికొనను పొడిచి రక్తబిందువును చూచు పద్ధతి దాని స్థానము నాక్రమించెను. అయితే దినమునకు పలుమారులు పొడుచుకొనుట బాధాకరము. కాగితపుపట్టీలకు ధనము కావలెను. ఇందుచేత పేదవారు పరీక్షనే మానుట కలదు. నొప్పిలేని మార్గమును వెదకుటకు కారణమిదియే.

ఉమ్మినీరు మూడు జతల పెద్ద గ్రంథులనుండి దినమునకు అరలీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు ఊరును. అందు నూటికి 99 పాళ్లు నీరే. రక్తమునుండి కొంత చక్కెరయు దానిలోనికి దిగును. కాని అది రక్తమునందలి దానిలో సుమారు నూరవవంతు మాత్రమే. ఇంత స్వల్పమును కొలుచుట మొదటి కష్టము.

రెండవ కష్టమును మీరే యింట పరీక్షింపవచ్చును. ఒక ముద్ద అన్నమును మ్రింగక చాలసేపు నమలుడు. అది తియ్యనగును. ఉమ్మినీటియందలి అమైలేసు పిండిపదార్థమును తీయని చక్కెరగా మార్చుటయే దీనికి హేతువు. పండ్ల సందున మిగిలిన ఆహారము ఉమ్మినీటిలో చక్కెరను చేర్చును. నోటియందలి సూక్ష్మజీవులు దానిని తినివేయును. చిగుళ్లనుండి రక్తము వచ్చిన కొలత పెరుగును. మధుమేహులకు చిగుళ్లవ్యాధియు, నోరెండుటయు తరచు కలుగును గదా! పరీక్ష ఎవరికి కావలెనో వారి నోటనే పరీక్ష తప్పుదారి పట్టవచ్చును.

అట్లని ఉమ్మినీరు పనికిరానిదని తలపరాదు. కార్టిసాలు అను హార్మోనును దానియందు కొలుచుచున్నారు, హెచ్.ఐ.వి. పరీక్షకును నోటిద్రవము నుపయోగించుచున్నారు. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమున పాల్ డాస్టూర్ గారి బృందము ఉమ్మినీటి గ్లూకోసును గుర్తించు పలుచని పట్టీని రూపొందించినట్లు 2021లో తెలిపెను. అయినను పరిశోధన వేరు, ప్రాణము నప్పగించుట వేరు. చర్మమును పొడువకయే చక్కెరను చూపునని చెప్పబడు గడియారములను, ఉంగరములను నమ్మవలదని అమెరికా ఔషధనియంత్రణసంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించినది. కొలత తప్పినచో ఇన్సులిన్ మోతాదు తప్పును. మోతాదు మించినచో రోగి స్మృతి తప్పి ప్రాణమే పోవచ్చును.

కావున తలిదండ్రులకు మనవి యేమనగా, సూదికి వెరచి పరీక్షను మానకుడు. సులభమను మాటకు లోబడి నిరూపణలేని సాధనమును కొనకుడు. గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఎ.వన్.సి. పరీక్షను వైద్యుడు చెప్పిన కాలమున చేయించుకొనుడు. విద్యార్థులారా! రేపు మీలో నెవరైన ఉమ్మినీటినుండి నమ్మదగిన కొలతను సాధింతురేని, అది పేదయింటి ముదుసలికి గొప్ప మేలగును. కాని అంతవరకు దోసిటినీటిని చూచి కడలిని కొలిచితిమని యనుకొనరాదు.