పెద్దల మతిమరుపు - ఇంటి కాపలా

వయసు మీదపడితే కొంత మరుపు సహజం. తాళంచెవి ఎక్కడో పెడతారు. కాసేపు వెతికితే గుర్తొస్తుంది. అది జబ్బు కాదు.

కొందరు అన్నం తిన్న సంగతే మరిచిపోతారు. రోజూ నడిచే దారి మరిచిపోతారు. కన్నబిడ్డనే పోల్చుకోలేరు. "ముసలితనం, చాదస్తం" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. అది చాదస్తం కాదు. మెదడుకు వచ్చే జబ్బు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో సుమారు ఏడుగురికి ఈ జబ్బు ఉందని 2023లో ఒక అంచనా వచ్చింది.

ముందు డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తేడా వల్ల, బి12 విటమిన్ తగ్గడం వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. డిమెన్షియాను పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా రాలేదు. అందుకే ఇంట్లో కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడు అందుకు కొన్ని పరికరాలు వచ్చాయి.

దారి చెప్పే గడియారం

తెనాలి స్టేషను నుంచి ఒక రైలు దారి రేపల్లె పోతుంది. అక్కడితో ఆ లైను ఆఖరు. ఇంకో దారి బాపట్ల మీదుగా చెన్నై వైపు పోతుంది. మతి తప్పిన పెద్దామె ఏ రైలు ఎక్కిందో ఎలా తెలుస్తుంది?

చేతికి కట్టే ఒక రకం గడియారం ఉంది. దాని లోపల సిమ్ కార్డు ఉంటుంది. ఉపగ్రహాల సాయంతో అది ఉన్న చోటు తెలుసుకుంటుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ల సెల్‌ఫోనుకు పంపుతుంది. కానీ చార్జింగు అయిపోతే పని చేయదు. సిగ్నలు లేకపోతే కబురు పంపలేదు.

అందుకని ఒక చీటీ కూడా రాయాలి. పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు రాసి జాకెట్టు లోపల కుట్టాలి. చీటీకి చార్జింగు అక్కర్లేదు.

తలుపు గంట

ఇది రెండు చిన్న ముక్కలు. ఒకటి తలుపుకు, ఒకటి గుమ్మానికి అంటిస్తారు. ఒకదానిలో అయస్కాంతం ఉంటుంది. తలుపు తీస్తే ముక్కలు విడిపోతాయి, గంట మోగుతుంది. అర్ధరాత్రి అత్త తలుపు తీస్తే కోడలికి మెలకువ వస్తుంది.

"అమ్మాయ్, పొద్దు పోయింది. మా ఇంటికి పోతాను" అంటుంది అత్త.

"ఇదే మీ ఇల్లు" అని వాదిస్తే ఆమెకు భయం, కోపం వస్తాయి.

"అలాగే అత్తయ్యా. కాస్త మజ్జిగ తాగి వెళుదురు గాని, కూర్చోండి" అంటే నెమ్మదిస్తుంది.

గంట లేపుతుంది. ఆ మాట చెప్పాల్సింది మనిషే. మనిషిని లోపల పెట్టి బయట తాళం వేయకూడదు. నిప్పు అంటుకుంటే బయటికి రాలేరు.

బీపీ మిషను, నోటుబుక్కు

బీపీ, షుగరు అదుపులో లేకపోతే మెదడు ఇంకా దెబ్బతింటుంది. బీపీ మిషను అంకె చూపిస్తుంది. ఆ అంకె రాసి పెట్టాలి. బిళ్ల వేసిన వెంటనే అదీ రాయాలి. లేకపోతే రెండోసారి వేసే ప్రమాదం ఉంది. తిండి, నీళ్లు, నిద్ర, మూత్రం సంగతి కూడా రాయాలి.

ఒక్కసారిగా మతి ఎక్కువ తప్పితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం వచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలా అవుతుంది. నోటుబుక్కు చూస్తే డాక్టరుకు జబ్బు త్వరగా తెలుస్తుంది.

ఈ కాపలా అంతా కోడలి ఒక్కదాని మీదే వేయకూడదు. రాత్రి ఆమె మేలుకుంటే, పగలు కొడుకో కూతురో చూడాలి. ఆమెకూ నిద్ర కావాలి.

గుర్తుంచుకోండి

మనిషి తప్పిపోతే పోలీసులకు 112.
రైల్లో వెళ్లారని అనుమానం ఉంటే 139.
అంబులెన్సుకు 108.
వృద్ధుల సహాయానికి 14567.

రాయండి

1. మీ ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఒక చీటీ రాయండి.
2. ఈ రోజు వాళ్లు ఏం తిన్నారు? ఏ మందు వేసుకున్నారు? నోటుబుక్కులో రాయండి.