తెలియనివారికి తెలుపు తీరు

సంభాషణలో ఎదుటివారికి ఒక విషయము తెలియదని తేలిన క్షణము తెలిసినవారి గుణమునకు పరీక్ష. అప్పుడు పెదవిపై మెదలు చిన్న నవ్వు, "ఇదియు తెలియదా!" అను ఒక్క మాట, అడిగిన నోటిని చాలకాలము మూయగలవు.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో రచించిన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు కలవు. వానిలో గొడగూచి కథ ఒకటి. తండ్రి ఊరికి పోవుచు, శివునకు పాలు నివేదింపుమని ఆ బాలికకు చెప్పెను. నివేదన యనగా పాత్రను దేవునియెదుట నుంచి మరల తెచ్చుకొనుట యని ఆమె ఎరుగదు. దేవుడు నిజముగా త్రాగునని నమ్మెను. త్రాగకపోగా విలపించి, ప్రాణము విడువ సిద్ధపడెను. ఆ ముగ్ధతను శివుడు చులకన చేయక పాలు త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ఆమె మాట నమ్మలేదు. బొంకుచున్నదని కోపించి దండింపబోగా, ఆమె లింగమును శరణుజొచ్చి అందే ఐక్యమయ్యెను. తండ్రికి ఆచారము తెలియును. కూతురి హృదయము తెలియదు. తెలిసెననుకొనునప్పటికి బిడ్డ దక్కలేదు.

ఈ కథ చెప్పిన సోమనాథుడు సంస్కృతమునందును పండితుడే. అయినను సామాన్యజనులకు అర్థమగుటకై జాను తెనుగును, ద్విపదను గ్రహించెను. తెలిసినవాడే తెలియనివారి చెంతకు నడచివచ్చుట యనగా ఇదియే.

కల్లూరు వంటి అటవీ సరిహద్దు ఊళ్లలో ఈ పాఠము నిత్యము అవసరమగును. ఇంట కోయభాష మాటలాడువారు తెలుగుమాటకై తడబడినచో దానిని తెలివితక్కువగా ఎంచరాదు. కోయ వేరొక ద్రావిడభాష. అందు మన తడబాటు ఇంకను అధికము. మెడలోని లింగకాయను చూచి పొరుగువాడు "అది తాయెత్తా?" అని అడిగినచో నొచ్చుకొనవలదు. "కాదన్నా, ఇందు ఇష్టలింగమున్నది. అరచేత నుంచుకొని పూజింతుము" అనిన చాలును.

ఇంటిలోని సంభాషణ మరింత ముఖ్యము. క్రొత్తకోడలికి లింగపూజావిధానము సరిగా రాకపోవచ్చును. అత్తగారు పదుగురిలో "మీ పుట్టింట నేర్పలేదా?" అనినచో ఆ పిల్ల ఇక అడుగదు, తెలిసినట్లు నటించును. రేపు తన బిడ్డలకు చెప్పుటకు ఆమెవద్ద ఏమియు నుండదు. ఆ ఇంట ఆచారము అక్కడితో ఆగిపోవును. "రా అమ్మా, ఇద్దరము కలిసి చేసికొందము" అని ప్రక్కన కూర్చుండబెట్టుకొనినచో పూజయు నిలుచును, ప్రేమయు నిలుచును.

ఇంటను, మఠమునను పాటింపదగినవి:

1. అడిగినదానిని చివరివరకు వినవలెను.
2. వారికి తెలిసినదానినుండి ఆరంభించి, వారి మాటలతోనే చెప్పవలెను.
3. పొరపాటును పదుగురియెదుట కాక, ఒంటరిగా దిద్దవలెను.
4. తనకు తెలియనిచో "నాకును తెలియదు, పెద్దలను అడుగుదము" అనవలెను. పెద్దవాడే అట్లనగా విన్న పిల్లవాడు అడుగుటకు ఎన్నడును సిగ్గుపడడు.