ఆపరేషన్ ఒక్కటే దారి కాదు చెల్లీ!

"రెండో కాన్పు అయిందిగా, ఆపరేషన్ కూడా చేయించేసుకో, ఓ పనైపోతుంది." మైలవరం చుట్టుపక్కల ఊళ్లలో బాలింత మంచం దగ్గర ఈ మాట వినపడని ఇల్లుందా? అత్తగారూ అంటారు, అమ్మా అంటుంది. పాపం, మన మంచి కోరే అంటారు. వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే మరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషనో? నూటికి ఒకటి కూడా లేదు!

ఇంకో బిడ్డ కావాలి, కానీ ఇప్పుడే వద్దు అనుకునేవాళ్ల సంగతేమిటి? చంటిదానికి ఏడాది నిండకుండానే మళ్లీ నెల తప్పుతుందేమోనని బెంగపడుతూ కూర్చుంటామా? 2017 నుంచి సర్కారు దవాఖానాల్లో గర్భం రాకుండా అంతరా ఇంజెక్షన్, ఛాయా మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. అంతరా మూడు నెలలకోసారి. దానితో నెలసరి అటూఇటూ అవుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. కంగారుపడకు. మానేశాక గర్భం నిలవడానికి మాత్రం కొన్ని నెలలు పట్టొచ్చు. ఛాయాలో హార్మోన్లుండవు, పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి.

కాపర్-టి అనగానే "అది గుండెలోకి పాకుతుందటక్కా" అంటావు కదూ? ఎక్కడికీ పాకదు, గర్భసంచిలోనే ఉంటుంది. కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. పదేళ్లు పనిచేసే రకం కూడా ఉంది, వద్దనుకుంటే నర్సమ్మ తీసేస్తుంది. మొదటి కొన్ని నెలలు రుతుస్రావం, నొప్పి కాస్త ఎక్కువుంటాయి, అంతే.

అందరి ముందూ ఆశ అక్కని అడగాలంటే సిగ్గా? బిడ్డకి టీకా వేయించడానికి వెళ్తావుగా, అప్పుడు ఏఎన్ఎంని పక్కకి పిలిచి అడుగు. నీ బీపీ సంగతీ, పాత జబ్బుల సంగతీ దాచకుండా చెప్పు, నీకేది సరిపడుతుందో ఆవిడ చూస్తుంది.

ఇక మీ ఆయన ఆపరేషన్ సంగతి. "మామిడికాయల బుట్టలు మోసే మనిషి, నీరసపడిపోతాడు" అని అత్తగారి భయం. ఏమీ కాదు. చిన్న రంధ్రం చేస్తారు, కుట్లుండవు, ఆ రోజే ఇంటికొస్తాడు. ఓ వారం బరువులెత్తకపోతే చాలు. నన్నడిగితే, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే ఇదే తేలిక. కాకపోతే తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడాలి, పరీక్ష చేయించుకోవాలి. ఆ మూడు నెలల మాట మాత్రం డాక్టరుగారి చేతే చెప్పించు, మనం చెబితే వింటారా!