పీహెచ్‌పీలో ఫాటల్ ఎర్రర్‌ని క్యాచ్ చేయడం ఎలా?

ఫోన్‌లో రీచార్జ్ చేశారు. డబ్బులు కట్ అయ్యాయి. ఆ తర్వాత పేజీ మొత్తం తెల్లగా వచ్చింది. సైట్ పీహెచ్‌పీలో రాసిందైతే, దాని వెనుక ఫాటల్ ఎర్రర్ ఉండొచ్చు. బ్యాకెండ్ కోడ్ రాసేవాడిగా నాకు బాగా పరిచయమైన సమస్య ఇది. దీన్ని ఎలా హ్యాండిల్ చేయాలో చూద్దాం.

పీహెచ్‌పీ 5లో ఏం జరిగేది?

డేటాబేస్‌లో యూజర్ దొరకలేదు, వేరియబుల్‌లోకి నల్ వచ్చింది. దాని మీద మెథడ్ కాల్ చేస్తే స్క్రిప్ట్ అక్కడికక్కడే ఆగిపోయేది. చుట్టూ ట్రై, క్యాచ్ ఉన్నా లాభం లేదు. ఫైనల్లీ బ్లాక్ కూడా రన్ అయ్యేది కాదు.

పీహెచ్‌పీ 7 ఏం మార్చింది?

2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లో ఇలాంటి ఫాటల్ ఎర్రర్లలో చాలావాటిని ఎర్రర్ అనే కొత్త క్లాస్ ఆబ్జెక్టులుగా త్రో చేయడం మొదలుపెట్టారు. టైప్ఎర్రర్, పార్స్ఎర్రర్, డివిజన్‌బైజీరోఎర్రర్ దీని పిల్లలే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎర్రర్ అనేది ఎక్సెప్షన్‌కి చైల్డ్ క్లాస్ కాదు. ఈ రెండూ త్రోయబుల్ అనే ఇంటర్‌ఫేస్ కిందికి వస్తాయి. ఎందుకంటే, ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసే పాత కోడ్ ఈ కొత్త ఎర్రర్లను కూడా గుట్టుచప్పుడు కాకుండా మింగేయకూడదు కదా! కాబట్టి రెండూ దొరకాలంటే త్రోయబుల్‌నే క్యాచ్ చేయాలి. నేమ్‌స్పేస్ లోపల అయితే త్రోయబుల్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా యూజ్ చేయండి. లేకపోతే ఆ క్యాచ్ పనిచేయదు, వార్నింగ్ కూడా రాదు.

ఎక్కడ వాడాలి?

క్యూలో 500 మెసేజ్‌లు ఉన్నాయి, 37వది పాడైంది అనుకుందాం. పాత పద్ధతిలో వర్కర్ అక్కడే చచ్చిపోయి, మిగతా 463 ఆగిపోతాయి. ఇప్పుడు ఒక్కో జాబ్ చుట్టూ ట్రై పెట్టి, ఎర్రర్ వస్తే ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ చేసి, లాగ్ రాసి, 38వ దానికి వెళ్లిపోవచ్చు.

అలాగని ప్రతి ఫంక్షన్‌లోనూ క్యాచ్ పెట్టకండి. ఖాళీ క్యాచ్ అంటే జబ్బు అలాగే ఉంచి థర్మామీటర్ పగలగొట్టినట్టే. లాగ్ లేకుండా మింగేస్తే, డబ్బులు పోయిన యూజర్‌కి జవాబు చెప్పడానికి మీ దగ్గర ఆధారమే ఉండదు.

ఇప్పటికీ దొరకనివి

మెమరీ లిమిట్ దాటడం, ఎగ్జిక్యూషన్ టైమ్ అయిపోవడం మాత్రం ఇప్పటికీ క్యాచ్‌కి దొరకవు. వాటికోసం షట్‌డౌన్ ఫంక్షన్ రిజిస్టర్ చేసి, అందులో చివరి ఎర్రర్‌ని చదివి లాగ్ చేయాలి. ఒక ఫైల్‌లోని సింటాక్స్ తప్పుని అదే ఫైల్‌లోని క్యాచ్ పట్టుకోలేదు, ఎందుకంటే ఆ కోడ్ అసలు రన్నే అవ్వదు. ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్‌లో ఉంటే మాత్రం పార్స్ఎర్రర్‌గా దొరుకుతుంది.

ఒకసారి మీరే ట్రై చేయండి. ఇంట్‌డివ్ ఫంక్షన్‌కి 10, 0 ఇచ్చి, ముందు ఎక్సెప్షన్‌తో, తర్వాత త్రోయబుల్‌తో క్యాచ్ చేసి చూడండి. తేడా వెంటనే తెలిసిపోతుంది.